ఎనిమిదికి పదకొండు

రాజమండ్రిలో నేను పని నేర్చుకున్న స్టూడియోలో ఒక ఫ్లాష్ ఉండేది. దాని వెనకాల తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, బాల్‌పెన్నుతో మా మాస్టారు మూడు వరసలు రాసిపెట్టారు. 11కి 8. 8కి 11. 5.6కి 16. మొదటిది లెన్సు మీద తిప్పి పెట్టాల్సిన అపెర్చర్. రెండోది ఫ్లాష్ దగ్గర్నుంచి మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉండాలో ఆ లెక్క. ఆ ఫ్లాష్ గైడ్ నంబరు 28. అంటే 100 ఏఎస్‌ఏ ఫిల్ముతో తీస్తున్నప్పుడు 28ని మీటర్లలో దూరంతో భాగిస్తే అపెర్చర్ వస్తుంది. అడుగుల్లోకి మారిస్తే ఆ 28 దాదాపు 92 అవుతుంది. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాక భాగహారాలు చేసే తీరిక ఎవరికుంటుంది? అందుకని మాస్టారు ముందే చేసి అంటించారు. ‘ఎనిమిదికి పదకొండు, పదకొండుకి ఎనిమిది’ అని సైకిలు తొక్కుతూ కూడా వల్లె వేసేవాణ్ణి.

1980ల చివరి మాట ఇది. అప్పట్లో ఈ పనిలో సందేహం అడగడమే తప్పు. పెళ్లిళ్లలో వేరే స్టూడియో పెద్దవాళ్లు కనబడితే వెనక నిలబడి చూసేవాళ్లం. మేం చూస్తున్నట్టు తెలియగానే అరచేత్తో అపెర్చర్ రింగు మూసేసేవాళ్లు. డెవలపర్ ఎంతసేపు, ఎంత వేడిలో అని అడిగితే ‘చేతికి తెలుస్తుందిలే’ అనేవాళ్లు. సందేహం వచ్చినవాణ్ణి చిన్నచూపు చూసే ఫొటోగ్రాఫర్లంటే నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. మా మాస్టారు ఆ బాపతు కాదు. ఏం అడిగినా చెప్పేవారు. కాకపోతే ఆ చెప్పడం నోటితో ఉండేది కాదు.

పనిలో చేరిన కొత్తలో అందరూ అడిగేదే నేనూ అడిగాను. ‘మాస్టారూ, మన రెండు కెమెరాల్లో ఏది మంచిదండీ?’ స్టూడియోలో ఒక పెంటాక్స్ కే1000, ఒక పాత యాషికా 120 కెమెరా ఉండేవి. ఆయన రెండింట్లోనూ ఓర్వో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము వేసి నా చేతికిచ్చి, పక్క కొట్టు కిళ్లీ వ్యాపారిని కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి తియ్యమన్నారు. రాత్రి డార్క్‌రూమ్‌లో రెండు నెగెటివుల్నీ పాస్‌పోర్టు సైజులో ఒకసారి, 10/12 సైజులో ఒకసారి ప్రింటు వేయించారు. ట్రేలో నాలుగు మొహాలు ఒక్కొక్కటే తేలాయి. పాస్‌పోర్టు సైజులో తేడా పట్టుకోలేకపోయాను. పెద్ద సైజులో మాత్రం కే1000 ప్రింటులో చెంప మీద గ్రెయిన్ ఇసక చల్లినట్టు కనబడింది. 120 ప్రింటులో మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. 35 ఎంఎం నెగెటివు 24కి 36 మిల్లీమీటర్లు, 120లో చదరపు నెగెటివు 56కి 56. వైశాల్యం మూడున్నర రెట్లు పైమాటే. ‘ఎంత సైజు కావాలన్నాడో ముందు అడుగు. కెమెరా సంగతి తర్వాత’ అన్నారు మాస్టారు, ప్రింట్లు హైపోలోంచి తీస్తూ.

నాకు తెలిసినంతలో కెమెరా గురించి ఏ సందేహానికైనా దారి ఇదే. కొట్టు కౌంటరు ముందు నిలబడి అడిగితే ఎవరి కమిషన్ వాళ్లు చెబుతారు. తీయబోయే మనిషి ముందు నిలబడి అడిగితే జవాబు చేతికి దొరుకుతుంది.

ఆ రోజుల్లో మా కోనసీమ నుంచి దుబాయ్‌కీ కువైట్‌కీ వెళ్లినవాళ్లు సెలవుల్లో వస్తూ కెమెరాలు తెచ్చేవాళ్లు. అమలాపురం వైపు నుంచి ఒకాయన చెల్లెలి పెళ్లిలో తనే తీసిన రీలు కడగడానికిచ్చాడు. నెగెటివులు చూస్తే పగలు తీసినవన్నీ బాగున్నాయి. ఫ్లాష్ వేసిన ప్రతి ఫొటోలోనూ ఒక పక్క నిలువునా ఏమీ పడలేదు. ఒకదాంట్లో పెళ్లికూతురు నిండుగా ఉంది, పెళ్లికొడుకు మోచెయ్యి వరకే ఉన్నాడు. ఆయన మొహం పాలిపోయింది. ‘కెమెరా పాడైందా అండీ? దుబాయ్‌లో కొన్నానండీ, గ్యారంటీ కూడా ఉందండీ’ అన్నాడు.

కెమెరాకి ఏమీ కాలేదు. మాస్టారు కే1000 వెనక మూత తీసి, ఫిల్ము లేకుండా ఆయన కళ్లముందు షట్టరు కొట్టి చూపించారు. లోపల రెండు గుడ్డ తెరలుంటాయి. మొదటి తెర పక్కకి జరిగి ఫిల్ముకి వెలుగు చూపిస్తుంది. రెండోది దాని వెనకాలే వచ్చి మూసేస్తుంది. 1/60 సెకను దగ్గర, మొదటి తెర పూర్తిగా జరిగాక కూడా రెండోది ఇంకా కదలదు. ఆ క్షణంలో ఫ్లాష్ వెలిగితే ఫ్రేమంతా పడుతుంది. 1/250 పెడితే మొదటిది అవతలి అంచు చేరకముందే రెండోది బయల్దేరుతుంది. మధ్యలో సందు మాత్రమే ఉంటుంది. ఫ్లాష్ ఆ సందులోంచి ఎంత కనబడితే అంతే. కే1000 డయల్ మీద 60 దగ్గర ఒక గుర్తు ఉంటుంది, ఆయన కెమెరా మీదా అలాంటిదే ఉంది. ఆయన ఆ గుర్తుని వేలితో తడిమి చాలాసేపు ఊరుకున్నాడు. చెల్లెలికి తాళి కట్టిన ఫొటో ఆ ఫ్రేముల్లోనే ఉంది మరి. ఉన్న సగంలోంచి పెళ్లికూతురి మొహం వరకు పెద్దది చేసి మాస్టారు డబ్బులు తీసుకోకుండా ఇచ్చారు.

కొన్నాళ్లకి మా ఊళ్లోకి ఆటోమేటిక్ ఫ్లాష్‌లు వచ్చాయి. ముందువైపు చిన్న కన్ను ఉంటుంది. మనిషి మీద పడి తిరిగొచ్చిన వెలుగు చాలనుకోగానే తనంతట తనే ఆరిపోతుంది. ఇక అడుగులు కొలవక్కర్లేదని అందరం సంబరపడ్డాం. మొదటి సీజనులోనే ఒక చిక్కొచ్చింది. స్నాతకం ఫొటోలన్నీ బాగానే వస్తున్నాయి. జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి మొహాలు నల్లబడుతున్నాయి. ఊళ్లో స్టూడియోలవాళ్లంతా ఇదే మాట. ఫ్లాష్ వేడెక్కి నీరసపడుతోందని ఒకరు, బ్యాటరీలు నాసిరకమని ఒకరు అన్నారు.

కారణం మధుపర్కాలు. మన వైపు ముహూర్తానికి ఇద్దరికీ ఎర్రంచు తెల్లబట్టలు కడతారు. ఫ్లాష్ కన్నుకీ, కెమెరా లోపలి మీటరుకీ తెలిసింది ఒకటే: ఎదురుగా ఉన్నదంతా మధ్యస్థంగా, వెలుగులో 18 శాతం తిప్పికొట్టే బూడిద రంగులో ఉంటుందని. తెల్లబట్ట అంతకు ఎన్నో రెట్లు తిప్పికొడుతుంది. ఫ్లాష్ తొందరపడి ఆరిపోతుంది. బట్ట బూడిదరంగులోకి, చామనఛాయ మొహం చీకట్లోకి పోతాయి. పట్టుచీరలో ఉన్నంతసేపూ బాగా వచ్చిన అమ్మాయి సరిగ్గా ముహూర్తం వేళకి నల్లగా పడితే ఆ తల్లిదండ్రులకి ఏమని చెబుతాం? మాస్టారు ఆటోమేటిక్ స్విచ్ ఆపేసి మళ్లీ ప్లాస్టర్ లెక్కకి వచ్చేశారు. దూరం మారనంతకాలం ఆ లెక్కకి చీర రంగుతో పని లేదు. ఈనాటి కెమెరాలైనా అంతే. మొహాన్ని గుర్తుపట్టి చాలావరకు సర్దుకుంటున్నాయి గానీ, తెల్లబట్టలు ఫ్రేము నిండా ఉంటే నేను ఒక స్టాపు పెంచాకే బటన్ నొక్కుతాను.

గోదావరి పుష్కరాలు 1991లో, 2003లో, 2015లో, మూడుసార్లు తీశాను. మొదటిసారి మాస్టారి వెనకాల. అప్పుడు నేర్చుకున్నది ఏ పెళ్లిలోనూ నేర్చుకోలేదు.

మాతోపాటు కొవ్వూరు నుంచి తీసే స్నేహితుడొకడు ఉండేవాడు. సాయంత్రం రీళ్లు కడిగితే రాజమండ్రి గట్టు మీద మేం తీసినవాటిలో మొహాలు విచ్చుకుని ఉన్నాయి. అతనివన్నీ నల్లటి వీపులే. అతనిది మా కన్నా ఖరీదైన లెన్సు. ‘లెన్సులో కోటింగు పోయిందేమో’ అని వాపోయాడు. మర్నాడు మాస్టారు నన్ను తీసుకుని రోడ్డు కం రైలు వంతెన మీదుగా కొవ్వూరు వెళ్లారు, చీకటుండగానే. గోష్పాద రేవు మెట్ల మీద కూర్చున్నాం. పొద్దు పొడిచింది. నీళ్లలో ఉన్న వేలమందీ ఒక్కసారి సూర్యుడివైపు తిరిగి దోసిళ్లు ఎత్తారు. అంటే మాకు వీపులు పెట్టారు.

రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డు, కొవ్వూరు పడమటి ఒడ్డు. పొద్దున్న అర్ఘ్యం ఇచ్చేవాడు తూర్పుకి తిరుగుతాడు. రాజమండ్రి గట్టు మీదున్న మనకి ఎదురుపడతాడు, మొహం మీద ఎండ ఉంటుంది. కొవ్వూరు గట్టు మీదున్న మనకి వీపు కనబడుతుంది, సూర్యుడు మన కంట్లో ఉంటాడు. లెన్సు మార్చినా, కెమెరా మార్చినా ఆ దిక్కు మారదు. స్నేహితుడికి ఆ సంగతి చెప్పి, మాస్టారు అతన్ని పడవ ఎక్కించారు. మనుషులకి అవతలి పక్కనుంచి, అంటే నదిలోంచి గట్టువైపు తిరిగి తీశాడు. ఆ మధ్యాహ్నం కడిగిన రీలు చూసి అతను కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

కెమెరాతో పనే లేదని నేననను. అలా అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. అదే రేవులో, పొద్దెక్కాక, వీపు వెనక సూర్యుడుండగా ఒక ముసలాయన మొహం కావాలనుకోండి. ఫ్లాష్ వెయ్యాలి. కే1000లో 1/60 కన్నా వేగం పెట్టడానికి లేదు. ఆ వేగంలో అంత ఎండకి అపెర్చర్ 16కో 22కో వెళ్లాలి. మా 28 నంబరు ఫ్లాష్ 16 దగ్గర ఆరడుగులు కూడా దాటదు. నికాన్ ఎఫ్‌ఎం2లో ఫ్లాష్‌కి 1/250 వరకు కుదురుతుంది. అప్పుడు అపెర్చర్ 8 చాలు, అదే ఫ్లాష్ పదకొండు అడుగులు అందుకుంటుంది. నీళ్లలో దిగకుండా మెట్టు మీదే నిలబడి తీయొచ్చు. 2003కి నేను ఎఫ్‌ఎం2 కొనుక్కున్నది ఆ ఒక్క అంకె కోసమే. అప్పు చేసి కొన్నాను. ఆ డబ్బుకి న్యాయం జరిగిందనే ఇప్పటికీ అనుకుంటాను.

అదే మెట్ల మీద మాస్టారు ఇంకోటి చెప్పారు. నీళ్లలోంచి పైకొస్తున్న ఆడవాళ్ల మీద కెమెరా పెట్టకూడదు. నీళ్లలో మెడ వరకు మునిగి ఉన్న తల, ఎత్తిన చేతులు, వదిలిన దీపం, గట్టు మీద బట్టలు మార్చుకుని పిండప్రదానానికి కూర్చున్న కుటుంబం, ఇవి తీసుకో. తడిచీరతో మెట్లెక్కుతున్న మనిషి తన కోసం వచ్చింది, నీ ఫొటో కోసం రాలేదు. పోటీలకి పంపేవాళ్లు ఇలాంటి ఫొటోలకే బహుమతులొస్తాయని వాదిస్తారు. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి లెన్సు పేరు చెప్పడానికి ముందు ఈ మాట చెబుతాను. 2015లో మొదటి రోజు రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయని విన్నప్పుడు నేను కొవ్వూరులో ఉన్నాను. ఆ రోజు ఇక కెమెరా తీయలేదు.

డిజిటల్ వచ్చాక సందేహాల పేర్లు మారాయి. ‘ఎన్ని మెగాపిక్సెళ్లు సార్?’ అన్నది అన్నిటికన్నా ఎక్కువగా విన్నాను. 2004లో వచ్చిన నికాన్ డీ70లో ఉన్నవి ఆరు. అది మా దగ్గరికి వచ్చినప్పుడు ఫిల్ముని నమ్ముకున్నవాళ్లంతా పెదవి విరిచారు. నేను మాస్టారి కిళ్లీకొట్టు పరీక్షే చేశాను. అదే పెళ్లిలో ఒకే చోట నిలబడి ఎఫ్‌ఎం2తో, డీ70తో తీసి, ల్యాబ్‌లో రెండూ 12/18కి వేయించాను. పక్కపక్కన పెట్టి పెళ్లికూతురి తల్లినే అడిగాను. ఆవిడ రెంటినీ చేత్తో పట్టుకుని చూసి డిజిటల్ దాన్నే ఆల్బంలో పెట్టమన్నారు. దగ్గరగా ముక్కు ఆనించి చూస్తే జడగంటల దగ్గర ఫిల్ము మెరుగు. కానీ ఆల్బం ఒళ్లో పెట్టుకుని చూస్తారు కదా.

లెక్క చెప్పాలంటే, డీ70 ఫొటో పొడుగు 3008 పిక్సెళ్లు. 18 అంగుళాలకి పరిస్తే అంగుళానికి 167. ఇప్పటి 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో 6000. అంగుళానికి 333. కరిజ్మా ఆల్బంలో 12/36 షీటు మడిస్తే ఒక్కో పేజీ 12/18 కాబట్టి 24 పుష్కలం. అంతకు మించి కొనేవాళ్లు షీటు మొత్తానికీ ఒకే ఫొటో పరుస్తారా, తీశాక బాగా కత్తిరిస్తారా అని తమని తాము ప్రశ్నించుకోవాలి. రెండూ లేకపోతే ఆ డబ్బు లైట్ల మీద పెట్టమంటాను.

ఫుల్‌ఫ్రేమా, క్రాప్ సెన్సరా అన్న చర్చ కాఫీ హోటళ్లలో గంటలు గంటలు నడుస్తుంది. పల్లెటూళ్లో పెళ్లికూతుర్ని చేసే గదిలో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. 50 ఎంఎం లెన్సు క్రాప్ సెన్సర్ మీద 75లాగా చూస్తుంది. గోడకి వీపు ఆనించి నిలబడ్డా ఆ గదిలో అమ్మాయీ, మంగళహారతిచ్చే ముత్తయిదువులూ కలిసి పట్టరు. అక్కడ 35 కావాలి, ఇంకా వెడల్పుదైతే మేలు.

నాలుగైదేళ్ల కిందట భీమవరం వైపు ఒక కల్యాణమండపంలో రెండో కెమెరా పట్టుకున్న కుర్రాడు పరుగున వచ్చాడు. అద్దంలేని కొత్త కెమెరా, అంతకుముందు వారమే కొన్నాడు. ‘సార్, చూడండి సార్’ అని వెనక తెర చూపించాడు. పెళ్లికూతురి మొహం మీద అడ్డంగా నల్లచారలు. ఒక ఫొటోలో నుదుటి మీద, పక్కదాంట్లో గడ్డం మీద. కెమెరా తిరిగిచ్చేస్తానని చెమటలు కక్కుతున్నాడు. మంత్రాలు వినబడాలని సైలెంట్ షట్టర్ పెట్టానన్నాడు. మంచి ఉద్దేశమే. కానీ మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, చవకరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకి 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. చప్పుడు లేని షట్టరు ఫొటోని పైనుంచి కిందికి వరసవరసలుగా చదువుతుంది. చదువుతుండగా దీపం తగ్గితే ఆ వరసలు నల్లబడతాయి. మెకానికల్ షట్టర్‌కి మార్చి, 1/100 పెట్టమన్నాను. తీసి చూశాడు. చారలు లేవు. అప్పటికి తలంబ్రాలు మొదలయ్యాయి, అతని మొహంలో నెత్తురు తిరిగొచ్చింది.

యూవీ ఫిల్టరు పెట్టాలా అంటే, తలంబ్రాల్లో, హోమం దగ్గర పెట్టమంటాను. రాత్రి దీపాల తోరణాలకి ఎదురుగా తీసేటప్పుడు తీసెయ్యమంటాను, లేకపోతే ఒక్కో దీపానికి ఒక్కో దొంగ దీపం పడుతుంది. రా ఫైలా, జేపెగ్గా అంటే, పసుపు, కుంకుమరంగు, ఊదా లైట్లు కలిసి కొట్టే స్టేజీల మీద రా తప్పదు. ఇక ఫంగస్. గోదావరి జిల్లాల్లో వానాకాలం బీరువాలో దాచిన లెన్సు పాడవుతుంది, వాడుతున్న లెన్సు బతుకుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, నీలం గుళికలు గులాబీరంగుకి తిరగ్గానే మార్చాలి. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, తోలు తేమ పీలుస్తుంది.

ఈమధ్య ఏలూరు నుంచి ఒకమ్మాయి వస్తోంది. డిగ్రీ చదువుతూనే పెళ్లిళ్లు తీస్తుంది. పెళ్లికూతురి గదిలోకి మగ ఫొటోగ్రాఫర్లు వెళ్లలేని వేళల్లో తీసే ఆడపిల్లలు మాకు చాలా అవసరం. ‘బాబాయ్ గారూ, ఉన్న డబ్బు ఇంతే. ఏం కొనుక్కోమంటారు?’ అని అడిగింది. పాత బాడీ చూద్దామన్నాను. ఇద్దరం వెళ్లాం. అపెర్చర్ 16కి మూసి తెల్లగోడ తీయించాను, సెన్సర్ మీద దుమ్ముంటే నల్లచుక్కలుగా బయటపడుతుంది. లెన్సు వెనకనుంచి టార్చి వేసి లోపల సాలెగూటి పోగులు కనబడతాయేమో చూశాం. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో కనుక్కున్నాం. రెండు కార్డులు పట్టే బాడీయే కావాలని పట్టుబట్టాను. పెళ్లి మళ్లీ చెయ్యరు, ఒక కార్డు పోయినా ఇంకోదాంట్లో ఉండాలి.

ఆ అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నదీ ఉంది. అడ్డుతెర దించే క్షణంలో నా పాత కెమెరా తెల్లగుడ్డ మీద ఫోకస్ కోసం వెతుక్కుంటూ ఉండిపోయేది. అందుకే నేనెప్పుడూ ముందే దూరం చూసి మాన్యువల్‌లో పెట్టుకుంటాను. ఆమె కెమెరా గుడ్డ అంచు కిందికి దిగీ దిగకముందే అవతలి మనిషి కన్ను పట్టేసింది. వరసగా చూపించింది: గుడ్డ, గుడ్డ పైన కనుబొమ్మ, తర్వాత రెండు కళ్లు, నవ్వు. అన్నీ స్పష్టం. నా పద్ధతిలో ఆ కనుబొమ్మ ఎప్పుడూ దొరకలేదు. అలాంటి ఫోకస్ కోసం ఎంత పెట్టినా దండగ కాదని ఇప్పుడు అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

2027 పుష్కరాలకి ఏ లెన్సు అద్దెకి తీసుకోవాలని ఇప్పట్నుంచే అడుగుతోంది. పోలరైజర్ కూడా కొంటానంది, వద్దన్నాను. వరదనీటి ఎర్రమట్టి మీద మెరుపు కోసేస్తే మిగిలేది మట్టే, పైగా ఒకటిన్నర స్టాపు వెలుగు పోతుంది. పొద్దున్న రాజమండ్రి గట్టు మీద 70-200, సాయంత్రం కొవ్వూరు రేవులో 35, వానకి కెమెరా మీద వేసుకునే ప్లాస్టిక్ తొడుగులు రెండు. ఫ్లాష్ ఏది పట్టుకురమ్మంటారంటే దాని గైడ్ నంబరు ఎంతో చూసి చెప్పమన్నాను. అరవై అంది. 8కి ఎన్ని అడుగులో లెక్కకట్టి, ప్లాస్టర్ మీద రాసి దాని వెనక అంటించమన్నాను.